రాయి అసలైనదే, మరి రంగు? పూత వేసిన, రంగు మార్చిన రత్నాలను గుర్తించే విధానం

రత్నం కొనడానికి వెళ్లినవారు దుకాణంలో సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ‘ఇది జాతి రాయేనా?’ అన్నది. పూత వేసిన రత్నాల విషయంలో ‘అవును’ అనే జవాబు అక్షరాలా నిజమే అయినా, దానివల్ల కొనేవారికి ఒరిగేదేమీ ఉండదు. భూమిలో పుట్టిన తెల్ల టోపాజ్‌కు సానపట్టి, దాని అడుగు పలకల మీద అతి పలుచని లోహ ఆక్సైడ్ పొర ఎక్కిస్తే అది ఇంద్రధనుస్సు రంగులతో మెరుస్తుంది. కానీ బరువు, గట్టిదనం, సాంద్రత అన్నీ టోపాజ్‌వే కాబట్టి ఆ పరీక్షలన్నింటిలోనూ అది నెగ్గుతుంది. అందువల్ల ఇటువంటి రాళ్ల దగ్గర ప్రశ్నను మార్చుకోవాలి. రాయి అసలుదా కాదా అన్నది పక్కన పెట్టి, దాని రంగు ఎక్కడ ఉన్నదో వెతకాలి. పైపైన ఉన్నదా, ఉపరితలానికి కాస్త లోపల ఆగిపోయిందా, పగుళ్లలో చేరిందా, లేక రాయి నిండా ఉన్నదా? కింద వివరించే పద్ధతులన్నీ ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టే మార్గాలే.

ముందుగా తెలుసుకోవలసినది: రంగు ఎక్కడెక్కడ ఉంటుంది

సహజంగా రంగున్న రాయిలో రంగు స్ఫటిక నిర్మాణంలోనే కలిసి ఉంటుంది. కెంపుకు ఎరుపును క్రోమియం ఇస్తుంది. నీలానికి నీలిరంగు ఇనుము, టైటానియం కలిసినందువల్ల వస్తుంది. సహజ రంగు కూడా అన్ని చోట్లా సమానంగా ఉండాలన్న నియమం లేదు. నీలాల్లో ముదురు, లేత చారలు తరచుగా కనిపిస్తాయి. అయితే ఆ చారలు స్ఫటికం పెరిగిన దిశను అనుసరించి తిన్నగానో కోణాలుగానో సాగుతాయే తప్ప, ఆ తరువాత ఎప్పుడో మనిషి సానపట్టి తీర్చిన పలకల అంచులను పట్టుకొని సాగవు. రంగు హద్దులు పలకల హద్దులతో సరిపోయాయంటే, ఆ రంగు సానపట్టిన తరువాత వచ్చినదని అర్థం. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే సగం పరీక్ష పూర్తయినట్లే.

పూతల్లో ఎక్కువగా ఎదురయ్యేది మిస్టిక్ టోపాజ్. 1990ల చివర్లో మార్కెట్‌లోకి వచ్చిన ఈ రాయి మీద టైటానియం ఆక్సైడ్ వంటి పదార్థాన్ని శూన్య గదిలో ఆవిరి రూపంలో పలుచగా పేరుస్తారు. కాంతి ఆ పొర పైభాగం నుంచీ అడుగుభాగం నుంచీ రెండుసార్లు ప్రతిఫలించి, ఆ రెండు కిరణాలూ కలుసుకున్నప్పుడు కొన్ని రంగులు బలపడి మరికొన్ని అణగిపోతాయి. తడిసిన రోడ్డు మీద పెట్రోలు చుక్క పడినప్పుడు కనిపించే రంగులకు కారణం కూడా ఇదే. స్ఫటికం (ఇక్కడి నుంచి ఈ మాటకు అర్థం క్వార్ట్జ్ రాయి) మీద బంగారాన్ని ఇలాగే పేర్చి నీలిగా మెరిసే ‘ఆక్వా ఆరా’ను తయారు చేస్తారు. నీలి-ఊదా రత్నాలైన లేతరంగు టాంజనైట్‌ల అడుగున కోబాల్ట్ ఉన్న పూత వేసి ముదురు రాళ్లుగా అమ్ముతున్నట్లు 2008లో అమెరికాలోని ప్రయోగశాలలు గుర్తించాయి. వజ్రాలు కూడా దీనికి మినహాయింపు కావు. పసుపు జీర ఉన్న వజ్రానికి నడుము (పైభాగం, అడుగుభాగం కలిసే అంచు) దగ్గర లేత ఊదా పూత చుక్కగా పెడితే, ఆ రెండు రంగులూ ఒకదాన్నొకటి కప్పివేసి రాయి తెల్లగా కనిపిస్తుంది. ఇది చాలా పాత మోసం.

రెండవ రకాన్ని వ్యాపారంలో డిఫ్యూజన్ అంటారు. లేత నీలపు రాయిని టైటానియం వంటి పదార్థాల పొడిలో పెట్టి 1,700 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిలో ఉంచితే, రంగునిచ్చే మూలకం ఉపరితలం నుంచి కొద్దిగా లోపలికి దిగుతుంది. ఆ లోతు సాధారణంగా అర మిల్లీమీటరుకు మించదు. కాబట్టి ఇది పూతలాగా గీరితే పోదు గానీ, రాయికి గీత పడి మళ్లీ సానపట్టించవలసి వస్తే రంగు దుమ్ములో కలిసిపోతుంది. మూడవది అద్దకం. దీనికి రాయిలో పగుళ్లో సన్నని రంధ్రాలో ఉండాలి. పగుళ్లు లేని స్ఫటికాన్ని కాల్చి, ఒక్కసారిగా చల్లని రంగునీటిలో వేసి, పగుళ్లను పుట్టించి మరీ రంగు పట్టిస్తారు.

సిద్ధం చేసుకోవలసినవి

పదిరెట్లు పెద్దదిగా చూపే లూప్, చిన్న తెల్ల ఎల్‌ఈడీ టార్చి, పట్టకారు, తెల్ల టిష్యూ కాగితం, ఒక గాజు గిన్నె, కొంచెం గ్లిజరిన్ ఉంటే ఇంటి పరీక్షకు చాలు. దుకాణాల్లో రాళ్ల మీద పడే పసుపు దీపాలు ఎరుపు, పసుపు రాళ్లను నిజానికన్నా ఘనంగా చూపిస్తాయి. కాబట్టి రాయిని వీలైతే కిటికీ దగ్గరకు తీసుకువెళ్లి, నేరుగా ఎండ పడని వెలుతురులో చూడాలి. చూసే ముందు మెత్తని బట్టతో శుభ్రంగా తుడవాలి, ఎందుకంటే వేలిజిడ్డు పూత మీది మరకలాగానూ, దుమ్ము లోపలి మచ్చలాగానూ భ్రమ కలిగిస్తాయి. లూప్‌ను కంటికి దాదాపు ఆనించి, రాయిని దానికి రెండున్నర సెంటీమీటర్ల దూరంలోకి తెచ్చుకోవాలి. చాలామంది చేసినట్లు లూప్‌ను రాయి మీద పెట్టి దూరం నుంచి చూస్తే కనిపించేది ఏమీ ఉండదు.

మొదటి మెట్టు: బోర్లించి చూడడం

రాయిని తెల్ల కాగితం మీద ముఖభాగం కిందికి వచ్చేలా బోర్లించి, పక్క నుంచి చూడాలి. రంగు రాయి నిండా ఉంటే ఏ వైపు నుంచి చూసినా అదే రంగు తెలుస్తుంది, మందం తగ్గిన చోట కొంచెం పలచబడుతుంది, అంతే. అడుగున పూత ఉన్న రాయి మాత్రం ముందు నుంచి రంగులీనుతూ, పక్క నుంచి చూస్తే నడుము పైభాగమంతా నీళ్లలా తెల్లగా ఉంటుంది. పూతను దాదాపు ఎప్పుడూ అడుగు పలకలకే వేయడానికి రెండు కారణాలున్నాయి: ముందు నుంచి పడిన వెలుతురు అడుగు పలకల మీదే తిరిగి ముఖానికి వస్తుంది కాబట్టి అక్కడ వేసిన రంగు రాయి అంతా నిండినట్లు కనిపిస్తుంది, పైగా ఆ భాగం నగలో దాగి ఉండి గీతలు పడకుండా నిలుస్తుంది.

వెనక మూసిన నగల్లో ఈ పరీక్ష చేయడానికి వీలుండదు. కుందన్ పనిలోనూ, మన పాతకాలపు కెంపుల నగల్లోనూ రాయి వెనక మెరిసే రేకు పెట్టడం తరతరాలుగా ఉన్న పద్ధతి, దాన్ని మోసం అనడం సరికాదు. అయితే రేకు మెరుపు ఏదో, రాయి రంగు ఏదో బయటి నుంచి విడదీయడం కష్టం కాబట్టి, వెనక మూసి ఉన్న రాయికి దాని రంగును బట్టి జాతి కెంపు ధరో పచ్చ ధరో చెల్లించవద్దు. నగను వాల్చి ముక్కుసూటిగా పక్క నుంచి లూప్‌తో చూసినప్పుడు రాయి వెలవెలబోయి, అడుగున మాత్రం రంగు ముద్దగా కనిపిస్తే రేకుకు రంగు వేసి ఉండవచ్చు. అక్కడక్కడ నల్లబడితే లోపలికి తేమ చేరినట్లు.

రెండవ మెట్టు: పలకల అంచుల మీద దృష్టి

పూత గుట్టు బయటపడేది ఇక్కడే కాబట్టి ఈ మెట్టుకు కొంత ఎక్కువ సమయం ఇవ్వాలి. రాయిని పట్టకారుతో నడుము దగ్గర పట్టుకొని, అడుగుభాగం పైకి ఉండేలా తిప్పి, దీపం వెలుతురు ఒక్కొక్క పలక మీద అద్దంలో పడినట్లు తళుక్కున మెరిసే కోణం వచ్చేదాకా మెల్లగా వాల్చాలి. రాయి లోపలికి చూడవద్దు. ఉపరితలాన్ని మాత్రమే చూడాలి. మామూలు టోపాజ్ అయితే పలక తెల్లగా మెరుస్తుంది. మిస్టిక్ టోపాజ్ అయితే ఆ మెరుపులోనే గులాబీ, ఆకుపచ్చ, నీలి జాడలు పలక మీద జారుతున్నట్లు కనిపిస్తాయి. రాయిని వెంట్రుకవాసి కదిపినా ఆ రంగులు మారతాయి.

తరువాత రెండు పలకలు కలిసే గీత వెంట చూపు నడిపించాలి. రాళ్లు ఒకదానితో ఒకటి రాసుకున్నప్పుడు మొదట అరిగేది ఈ అంచులే. టోపాజ్ గట్టిదనం మోహ్స్ కొలత మీద పదికి 8 అయినా, దాని మీది పూత అంత గట్టిది కాదు. అందువల్ల ఒక పొట్లంలో కలిసి తిరిగిన రాళ్లను చూస్తే అంచుల వెంట, మరీ ముఖ్యంగా అడుగు మొన దగ్గర, సన్నని తెల్ల గీతలు కనిపిస్తాయి. అవి పగుళ్లు కావు, పూత లేచిపోయి రాయి అసలు రంగు బయటపడిన చోట్లు. ఒక్కోసారి పలక మధ్యలో గుండ్రని చిన్న తెల్లచుక్క ఉంటుంది. పూత వేసే సమయంలో అక్కడ దుమ్ము కణం ఉన్నందువల్ల పొర అంటలేదన్నమాట. గీత పడిన చోట ఇంకో ఆనవాలు ఉంది. సహజంగా రంగున్న రాయికి గీత పడితే గీతలో మెరుపు తగ్గుతుంది గానీ రంగు తగ్గదు. పూత రాయికి పడితే గీతలో రంగే ఉండదు. టాంజనైట్‌లో పూతను మొదట పట్టించినవి ఇటువంటి అరిగిన అంచులే, కోబాల్ట్ సంగతి ఆ తరువాత యంత్ర పరీక్షలో తేలింది.

దీన్ని పరీక్షించడానికి సూదితో గీరే అలవాటు కొందరికి ఉన్నది. అమ్మేవారి రాయిని గీరడం మర్యాద కాదు, సొంత రాయిని గీరి పాడు చేసుకోవడం తెలివి కాదు. వెలుతురును సరిగా వాడితే గీరవలసిన అవసరం రాదు.

మూడవ మెట్టు: ముంచి చూడడం

పలకలు తీర్చిన రాయిలో కాంతి అటూ ఇటూ ప్రతిఫలించడం వల్ల రంగు ఎక్కడ ఉన్నదో తెలియకుండా పోతుంది. రాయిని ద్రవంలో ముంచితే ఆ తళుకులు తగ్గి లోపలి రంగు ఉన్నదున్నట్లు కనిపిస్తుంది. గాజు గిన్నె కింద తెల్ల టిష్యూ పరిచి, దాని కింది నుంచి టార్చి వేసి, రాయి మునిగేంత నీరు పోయాలి. నీటికన్నా గ్లిజరిన్ మెరుగ్గా పని చేస్తుంది. ప్రయోగశాలల్లో మిథిలీన్ అయొడైడ్ వాడతారు, అందులో నీలం రాయి హద్దులు దాదాపు మాయమవుతాయి; కానీ అది విషపదార్థం, ఇంట్లో ఉంచుకోదగినది కాదు.

డిఫ్యూజన్ చేసిన నీలాన్ని పట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. పలకల అంచులన్నీ ముదురు నీలి గీతలుగా, ఎవరో పెన్నుతో రాయికి గళ్లు గీసినట్లు తేలుతాయి. నడుము చుట్టూ ముదురు వలయం ఉంటుంది. లోపలి భాగం పాలిపోయి ఉంటుంది. కొన్ని పలకలు ముదురుగా, పక్కవి లేతగా ఉంటే, వేడి చేసిన తరువాత మెరుగు పెట్టడంలో పైపొర ఒకచోట ఎక్కువగా అరిగిందని గ్రహించాలి. ముత్యం, పగడం, ఓపల్, ఫిరోజా వంటి ద్రవాన్ని పీల్చే రాళ్లను, జిగురుతో అతికించిన నగలను ముంచకూడదు.

నాలుగవ మెట్టు: పూసల దండలు

తెలుగువారి పెళ్లిళ్లలో కెంపు పూసల, పచ్చ పూసల హారాలకు ఉన్న ఆదరణ అందరికీ తెలిసినదే. అద్దకానికి ఎక్కువగా గురయ్యేవీ ఈ పూసలే, ఎందుకంటే పలకలు తీర్చడానికి పనికిరాని పగుళ్ల రాయి అంతా పూసలుగా మారుతుంది, పగుళ్లున్న చోట రంగు ఇట్టే పడుతుంది.

ఒక పూసను రెండు వేళ్లతో పట్టుకొని, వెనక నుంచి టార్చి వేసి లూప్‌తో చూడాలి. అద్దిన స్ఫటికమైతే దాని లోపల రంగులేని భాగాల మధ్య ఎర్రటి సన్నని గీతలు వలలాగా అల్లుకొని కనిపిస్తాయి; రంగంతా ఆ గీతల్లోనే ఉంటుంది. తరువాత దారాన్ని కొద్దిగా జరిపి రంధ్రం అంచును చూడాలి. రంధ్రం వేసిన చోట రాయి గరుకుగా ఉంటుంది కాబట్టి రంగు అక్కడ చిక్కగా నిలుస్తుంది, కొన్నిసార్లు దారానికే ఎరుపు అంటుకొని ఉంటుంది. దండలోని పూసలన్నీ ఒకే ఛాయలో, ఒక్కటి కూడా తేడా లేకుండా ఉంటే అనుమానించాలి. ప్రకృతి అంత పొందికగా అచ్చు వేయదు, వేసినా దాని ధర లక్షల్లో ఉంటుంది.

స్ఫటికానికి రంగు వేసి కెంపు అనడం సూటి మోసం. అంతకన్నా చిక్కుముడి ఏమిటంటే, పూస నిజంగానే కెంపు జాతికి చెందిన కొరండం అనే ఖనిజం అయి ఉండి, లేత గులాబీ రంగులోని నాసిరకం రాయికి పగుళ్లలో ఎర్రరంగు పట్టించడం. అక్కడ గట్టిదనం పరీక్ష, సాంద్రత పరీక్ష రెండూ ‘కెంపే’ అంటాయి. పగుళ్లలో చేరిన రంగు ఒక్కటే నిజం చెబుతుంది. 2004 ప్రాంతం నుంచి పగుళ్లలో సీసం కలిసిన గాజును నింపిన కెంపులు విరివిగా వచ్చాయి. వాటిలో గాలి బుడగలు, రాయిని కదిపినప్పుడు పగులు వెంట మెరిసే నీలి తళుకు కనిపిస్తాయి. ఈ గాజు ఎంత బలహీనమైనదంటే, నిమ్మరసం కూడా దాన్ని తినేస్తుంది.

పగడంలోనూ ఇదే వరస. రంగు వేసిన వెదురు పగడాన్ని ఎర్ర పగడంగా అమ్మడం సాధారణం. రంధ్రంలోనూ పగుళ్లలోనూ రంగు పేరుకొని ఉంటుంది. నల్ల ముత్యాల్లో చాలావాటిని వెండి నైట్రేటుతో నల్లబరుస్తారు కాబట్టి హైదరాబాద్‌లో ముత్యాలు కొనేటప్పుడు నల్లని దండల రంధ్రాలను ప్రత్యేకంగా చూడడం మంచిది. నల్ల ఓనిక్స్ విషయంలో మాత్రం ఇంత పట్టింపు అక్కర్లేదు. చక్కెర ద్రావణంలో నానబెట్టి గంధకామ్లంతో నల్లబరిచే ఆ పద్ధతి చాలా పాతది, రంగు స్థిరంగా ఉంటుంది, ధర కూడా దానికి తగినట్లే ఉంటుంది.

అసిటోన్ పరీక్ష, దాని పరిమితులు

రసాయనాల దుకాణంలో దొరికే స్వచ్ఛమైన అసిటోన్‌లో దూది పుల్లను ముంచి, పూస మీద కంటికి కనిపించని చోట, రంధ్రం దగ్గరో వెనకవైపో, కొన్ని క్షణాలు రుద్దాలి. దూదికి రంగు అంటితే అద్దకం తేలిపోయినట్లే. అంటకపోతే మాత్రం రాయి సహజమని తీర్మానించకూడదు, ఎందుకంటే పైన మైనమో రెజినో పట్టించిన రాళ్లు రంగు వదలవు, కొన్ని రంగులు అసిటోన్‌కు కరగవు. గోళ్ల రంగు తుడిచే ద్రవాల్లో కొన్నింటిలో అసిటోన్ ఉండదు, కొన్నింటికి వాటి రంగే ఉంటుంది కాబట్టి అవి ఈ పనికి రావు. పచ్చల మీద అసిటోన్ వాడనే వాడకూడదు. పచ్చల పగుళ్లలో నూనె పట్టించడం వ్యాపారమంతా ఒప్పుకొన్న ఆచారం. అసిటోన్ ఆ నూనెను కరిగించి, అంతవరకు కనిపించని పగుళ్లను బయటపెడుతుంది. ముత్యం, ఓపల్, అతికించిన రాళ్ల విషయంలోనూ ఇదే హెచ్చరిక.

పనిముట్లు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

రాయిలో కాంతి ఎంత వంగుతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద మిస్టిక్ టోపాజ్ ముఖపలకను ఉంచితే 1.61–1.62 దగ్గర టోపాజ్‌కు ఉండవలసిన అంకెలే వస్తాయి, ఎందుకంటే పూత ఉన్నది అడుగున. అంకె సరిపోయిందని తృప్తి పడేవారు ఇక్కడే పొరబడతారు. కెంపును స్ఫటికం నుంచి విడదీయడానికి మాత్రం ఈ పరికరం తిరుగులేనిది: కెంపు 1.76–1.77 చూపిస్తుంది, స్ఫటికం 1.54–1.55 దాటదు. రాయి రంగును రెండు గడుల్లో విడదీసి చూపే డైక్రోస్కోప్‌తో చూస్తే కెంపు ఒక గడిలో ఊదా కలిసిన ఎరుపుగా, రెండవ గడిలో నారింజ కలిసిన ఎరుపుగా కనిపిస్తుంది. అద్దిన స్ఫటికం రెండు గడుల్లోనూ ఒకే ఎరుపుగా ఉంటుంది. రాయిని ఒక దిశలో చూసి తీర్పు చెప్పకుండా మూడు నాలుగు వైపులకు తిప్పి చూడాలి, ఎందుకంటే నిజమైన కెంపు కూడా ఒక దిశలో రెండు రంగులు చూపదు.

ఇంట్లో ఎవరూ తేల్చలేని సంగతులు కొన్ని ఉన్నాయి. మార్కెట్‌లోని నీలి టోపాజ్‌లో అత్యధిక భాగం తెల్ల టోపాజ్‌ను రేడియేషన్‌కు గురిచేసి, వేడి చేసి తెచ్చిన రంగే. అది రాయి నిండా ఉంటుంది, లూప్‌కు చిక్కదు. 2001 తరువాత వెలుగులోకి వచ్చిన బెరిలియం డిఫ్యూజన్ కూడా అటువంటిదే. బెరిలియం పరమాణువు చిన్నది కాబట్టి పైపొరలో ఆగకుండా రాయి లోపలంతా పాకిపోతుంది, అంచుల గీతలు ఏర్పడవు. జాతకరీత్యా కనకపుష్యరాగం కొనేవారు దీన్ని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే చౌకగా దొరికే ఘనమైన పసుపు రాళ్లలో ఈ చికిత్సకు అవకాశం ఎక్కువ, దాన్ని నిర్ధారించడానికి లేజరుతో మూలకాలను కొలిచే యంత్రాలు కావాలి.

నివేదికను చదవడం

అటువంటి రాళ్లకు పేరున్న ప్రయోగశాల నివేదిక తప్ప వేరే దారి లేదు. రత్నాభరణాల ఎగుమతి మండలి 1972లో జైపూర్‌లో స్థాపించిన రత్న పరీక్షా ప్రయోగశాల మన దేశంలో ఈ పని చేసే పాత సంస్థల్లో ఒకటి. నివేదిక చేతికి రాగానే చాలామంది ‘న్యాచురల్’ అన్న మాట చూసి మడిచి లోపల పెడతారు. ఆ మాటకు రాయి భూమిలో పుట్టినదని మాత్రమే అర్థం. రంగు సంగతి ఉండేది వ్యాఖ్యల వరుసలో: కోటెడ్, డైడ్, డిఫ్యూజన్ ట్రీటెడ్, ఫిల్డ్ అన్న మాటలు అక్కడ ఉన్నాయేమో చూడాలి. చికిత్స ప్రస్తావనే లేని చిన్న కార్డులు రాయి పేరును మాత్రమే ధ్రువీకరిస్తాయి. వాటి మీద ఆ వరుస ఖాళీగా ఉంటే చికిత్స లేదని కాదు, చూడలేదని అనుకోవాలి. అమెరికాలో కొనేవారికి అక్కడి రత్న వర్తక సంఘం వాడే అక్షరాలు ఉపయోగపడతాయి: సి అంటే పూత, డి అంటే అద్దకం, యు అంటే డిఫ్యూజన్. చికిత్స శాశ్వతం కాకపోయినా, ప్రత్యేక జాగ్రత్త కోరినా, ధరను గణనీయంగా మార్చినా కొనేవారికి చెప్పాలని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు అంటున్నాయి. ఇక్కడైతే అమ్మేవారు నోటితో చెప్పినదాన్ని రశీదు మీద రాయించుకోవడం మంచిది. రాయడానికి వెనకాడితే ఆ వెనకాడడమే ఒక జవాబు.

కొన్న తరువాత

పూత రాయి అని తెలిసి, దానికి తగిన ధరకే కొనుక్కుంటే అందులో తప్పేమీ లేదు. మిస్టిక్ టోపాజ్ అందమైనది, చవకైనది. చెవికమ్మలకూ లాకెట్లకూ బాగుంటుంది. ఉంగరానికి మాత్రం, అందులోనూ రాయి వెనకభాగం తెరిచి ఉండే ఉంగరానికి, ఎంచుకోవద్దు. గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బు కలిపి మెత్తని బట్టతో తుడవాలి. పండ్లపొడి, వంటసోడా, అల్ట్రాసానిక్ యంత్రం, ఆవిరి శుభ్రత దీనికి పనికిరావు. అద్దిన పూసల దండను సెంటు చల్లుకున్న తరువాత వేసుకోవాలి, చెమట పట్టిన దండను తుడిచి భద్రపరచాలి, లేకపోతే రంగు పట్టుచీర అంచుకు ఎక్కుతుంది. ఉంగరం సైజు మార్చడానికో విరిగిన పట్టును అతికించడానికో ఇచ్చేటప్పుడు రాయికి పూత ఉన్నదనో గాజు నింపినదనో కంసాలికి ముందే చెప్పి, మంట తగలకముందే, ఆమ్లంలో వేయకముందే రాయిని విప్పించాలి.